మోరీ పోయే దారి

వజీర్ గోదావరిఖనిలో ఆటోలు, బైకులు బాగుచేసే షాపు పెట్టి ఇరవై రెండేళ్లయింది. బండ్లలోంచి తీసిన కాలిన ఆయిల్‌ను అన్నేళ్లూ ముందున్న మురుగు మోరీలోనే పారబోశాడు. ఆ వరసలో తొమ్మిది షాపులవాళ్లదీ అదే అలవాటు. మోరీ ఎటు పోతుందో ఎవరూ ఆలోచించలేదు.

వారానికి రెండుసార్లు యమున ఆ వీధిలో చేపలు అమ్మేది. ఈ ఎండాకాలం గోదావరిలో నీళ్లు తగ్గాక మూడు వారాలు కనబడలేదు. ఆ తర్వాత ఒకరోజు ఖాళీ గంపతో పోతుంటే వజీర్ పిలిచాడు.

"ఏంది చెల్లె, వస్తలేవు?"

"ఏం తేవాలె అన్న? చేపలు ఆయిల్ వాసనొస్తున్నయ్. కొన్నోళ్లంత తిట్టిన్రు."

"ఏం ఆయిల్?"

"గిదే, నీ షాపుల వచ్చే వాసన."

ఆమె నిష్ఠూరంగా అనలేదు. అయినా వజీర్‌కు ఆ పూట అన్నం సయించలేదు.

శుక్రవారం షాపు మూసి, మోరీ వెంబడి నడిచాడు. అది మార్కెట్ వెనక పెద్ద నాలాలో కలిసింది. నాలా గోదావరిలో కలిసేచోట యమున భర్త ఉపేందర్ నల్లబడ్డ వలను సబ్బుపొడితో రుద్దుతున్నాడు. వజీర్ అతని పక్కన కూర్చున్నాడు.

"ఇది మా షాపులదే, ఉపేందర్."

ఉపేందర్ వల వదల్లేదు. "ఒక్క నీదేనా?"

"నాది గూడ ఉన్నది."

"మరి నీదన్నా ఆపు, అన్న."

మర్నాడే వజీర్ ఒక ఖాళీ డ్రమ్ము తెచ్చి పెట్టాడు. కాలిన ఆయిల్‌ను శుద్ధిచేసే వాళ్లకు ఫోన్ చేసి, నెలకోసారి బండి పంపేలా ఒప్పించాడు. తర్వాత ఆయిల్ ఆ డ్రమ్ములోనే పోయమని అడగడానికి ప్రతి షాపుకూ వెళ్లాడు. నలుగురు సరేనన్నారు. మిగతావాళ్లు చూద్దామన్నారు. టైర్ల జగదీశ్వర్ మాత్రం నవ్వాడు.

"ఊరి మురికంత గోదావరిలనే పోతది. మన డబ్బెడు ఆపితె నది బాగైతదా, వజీర్ భాయ్?"

వజీర్ తలవంచుకుని తిరిగొచ్చాడు.

వానలు పడ్డాక, డ్రమ్ము సంగతి విని యమున గంపతో వచ్చింది. ఒక చేప తీసి అతని ముందు పట్టింది.

"ఎట్లుందో చెప్పు."

వజీర్ వాసన చూశాడు. అబద్ధమాడ బుద్ధికాలేదు. "ఇంకా కొంచెం వస్తున్నది చెల్లె."

"వస్తున్నది. మునుపటంత లేదు." ఆమె గంపను అతని షాపులో దించింది. "ఇంక ఎవరు వింటలేరు?"

వజీర్ పేర్లు చెప్పాడు. యమున కొంగు నడుముకు దోపి, జగదీశ్వర్ షాపువైపు బయల్దేరింది.