ఎర్రబండ బదులు

సాయంత్రం ఏడు కాకముందే పొగమంచు లోయలోంచి ఎగబాకి పశువుల కాపరి బాల్ట్స్ ప్లాంట్సర్ గుడిసెను మింగేసింది. వాకిట్లో నీళ్ల తొట్టి కూడా కనబడటం లేదు. ఆవులన్నీ కొట్టంలోకి చేరాయి. మనుషుల్లోనే ఒకరు తక్కువ.

ఆ ఒక్కరు మార్లీన్ అనే బెల్జియం ఆవిడ. ఆల్ప్స్ కొండల్లో, ఆవుల కొట్టం పైన గడ్డి అటక మీద రెండు రాత్రులు పడుకోవాలని మొగుడు యోస్ట్‌తో కలిసి వచ్చింది. ఇంట్లో మెత్తటి పరుపు ఉన్నవాళ్లకే ఇలాంటి ముచ్చట్లు పుడతాయి. మధ్యాహ్నం పై సరస్సు చూసొస్తానని ఒక్కతే బయల్దేరింది. మోకాలు నొప్పని యోస్ట్ ఉండిపోయాడు. వెళ్లేముందు బాల్ట్స్ ఆమెకు, వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పే మాటే చెప్పాడు. పొగమంచు కమ్మితే కంగారు పడొద్దు, ఏడింటికి నేను ప్రార్థన పిలుస్తాను, ఆ గొంతు వైపు నడిచి వచ్చేయండి అని.

అక్కడి పశువుల కాపరులు వేసవి అంతా రోజూ చేసే పనే అది. పాలు వడగట్టే చెక్క గరాటు నోటికి పెట్టుకుని, మరియమ్మనూ పునీతులనూ పేరుపేరునా పిలిచి, తెల్లారేదాకా మందనూ మనుషులనూ కాపాడమని అడుగుతారు. గొంతు వినబడినంత మేరా ఏ ఆపదా రాదని నమ్మకం. దాన్ని మధ్యలో ఆపడం ప్లాంట్సర్ల ఇంట్లో ఎవరూ ఎరగరు. పిడుగు పడి కొట్టం కప్పు అంటుకున్నా వాళ్ల నాన్న ప్రార్థన ముగించాకే నీళ్ల బకెట్ అందుకున్నాడని బాల్ట్స్ అక్క అగాతా ఇప్పటికీ గొప్పగా చెబుతుంది. కప్పు సగం కాలిపోయిన సంగతి మాత్రం చెప్పదు.

ఏడయింది. మిగతా అతిథులు ఆరుగురూ దుప్పట్లు కప్పుకుని వాకిట్లో బల్లల మీద కూర్చున్నారు. యోస్ట్ మాత్రం కూర్చోలేకపోతున్నాడు. బాల్ట్స్ గరాటు ఎత్తి గొంతు విప్పాడు. లోయకు అవతల నిలువుగా ఉన్న ఎర్రబండ ప్రతి మాటనూ అంతే గట్టిగా తిప్పి పలికింది. ఎప్పుడూ లేనిది ఇవాళ తన గొంతు ఒకరికి నిజంగా అవసరమైందని అతనికి లోలోపల గర్వంగానే ఉంది.

రెండో చరణం మధ్యలో యోస్ట్ ఫోన్ మోగింది. ఆవిడే. అతను ఫోన్‌ను అందరికీ వినబడేలా పెట్టాడు. గొంతు వినబడుతోందనీ, దాని వైపే నడుస్తున్నాననీ మార్లీన్ చెప్పింది. బల్లల మీదివాళ్లు హమ్మయ్య అనుకున్నారు. బాల్ట్స్ ఊపిరి తీసుకునే సందులో ఆమె ఆఖరి మాట అతని చెవిన పడింది.

"సరిగ్గా ఎదురుగా ఉంది యోస్ట్, ఎంత స్పష్టంగా ఉందో. ఎడమపక్క వాగు చప్పుడు కూడా వినిపిస్తోంది."

ఆ వెంటనే ఫోన్ తెగిపోయింది. యోస్ట్ మళ్లీ చేసినా కలవలేదు.

ఎడమపక్క అన్న మాట దగ్గరే బాల్ట్స్ ఆగిపోయాడు. సరస్సు నుంచి గుడిసెకు వచ్చేవాళ్లకు వాగు మొదటినుంచీ కుడిచేతి వైపే ఉంటుంది. ఎడమపక్క వినబడుతోందంటే ఆమె గుడిసెకు వీపు పెట్టి నడుస్తోంది. ఆమె ఎదురుగా ఉన్నది ఎర్రబండ. ఆమెకూ ఆ బండకూ మధ్య ఉన్నది కంచె లేని లోయ అంచు.

అతను గరాటు దించేశాడు.

"మధ్యలో ఆపుతావేంట్రా? ముందు ముగించు," అంది అగాతా.

"అక్కా, ఆవిడ నా దగ్గరికి రావట్లేదు. ఎర్రబండ దగ్గరికి పోతోంది."

యోస్ట్‌కు అర్థం కాలేదు. అర్థమైందల్లా గొంతు ఆగిపోయిందన్నదే. పెళ్లాం పేరు పెట్టి అరవబోయాడు. బాల్ట్స్ ఒక్క అంగలో వెళ్లి అతని నోరు మూసేశాడు. ఇక్కణ్ణుంచి ఏం అరిచినా బండ మీద తగిలి అటువైపు నుంచే వినబడుతుందని, ఒక్కరు కూడా నోరు విప్పొద్దని మెల్లగా చెప్పాడు. యోస్ట్ గింజుకున్నాడు, చెయ్యి కొరికాడు కూడా. ఆఖరికి ఇద్దరు అతిథులు అతన్ని పట్టుకోవలసి వచ్చింది.

తాడు భుజాన వేసుకుని బాల్ట్స్ వాగు గట్టు పట్టుకుని నడిచాడు. ఆమె ఆగి ఉంటుందా, లేక ఆఖరిసారి గొంతు వినబడిన వైపే పోతూ ఉంటుందా? పిలిచి అడగడానికి లేదు. మనిషిని పిలవడమే పనిగా పెట్టుకున్నవాడికి నోరు మూసుకుని నడవడం కంటే నరకం ఉండదు. నడుస్తున్నంతసేపూ నాన్నే గుర్తొచ్చాడు. నాన్న పైన గుట్ట మీది శిలువ దగ్గర, బండకు వీపు పెట్టి పిలిచేవాడు. అక్కడ ప్రతిధ్వని రాదు. ఆ గుట్ట ఎక్కడానికి అతిథులు బద్ధకిస్తున్నారని, ప్రతిధ్వని వింటే మురిసిపోతున్నారని బాల్ట్సే ప్రార్థనను బల్లల దగ్గరికి దించాడు.

అంచుకు పది అడుగుల ఇవతల ఎర్ర కోటు కనబడింది. ఆమె చేతులు ముందుకు చాపి, అడుగులో అడుగు వేస్తూ పోతోంది.

"అమ్మా, కదలకండి." చెవిలో చెప్పినంత నెమ్మదిగా అన్నాడు.

ఆమె వెనక్కి తిరిగింది. ఆ తిరగడంలో కాలికింది రాయి జారింది. అతను ముందుకు పడి ఆమె సంచీ పట్టీ దొరకబుచ్చుకున్నాడు. ఇద్దరూ గడ్డిలో పడ్డారు. రాయి దొర్లిపోయి లోయ అడుగున తగిలిన చప్పుడు చాలాసేపటికి వినబడింది. ఆ చప్పుడు విన్నాకే ఆమెకు ఏడుపొచ్చింది.

గుడిసెలో అగాతా ఆమెకు వేడి పాలు పట్టించి, రెండు దుప్పట్లు కప్పింది. యోస్ట్ వచ్చి బాల్ట్స్ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నంత పని చేశాడు. కొరికినందుకు క్షమించమన్నాడు. మీ ప్రార్థనే నా భార్యను కాపాడిందన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. అగాతా కళ్లు తుడుచుకుంది. బాల్ట్స్ ఊరుకుంటే సరిపోయేది. వచ్చే వేసవి అటక మీద చోటు దొరకనంతమంది వచ్చేవారు.

"లేదు సార్," అన్నాడు బాల్ట్స్. "ఆవిణ్ణి అంచు దాకా తీసుకుపోయింది నా గొంతే. మా నాన్న పిలిచిన చోటు నుంచి పిలిచి ఉంటే తిన్నగా ఇంటికి వచ్చేది. మీరంతా చప్పట్లు కొడతారని నేనే చోటు మార్చాను. నోరు మూసుకున్నాను కాబట్టి ఆవిడ బతికింది."

యోస్ట్ చేతులు వదిలేశాడు.

మార్లీన్ పాల గ్లాసు కింద పెట్టి, చోటు మార్చి ఎన్నాళ్లయిందని అడిగింది. ఆరేళ్లన్నాడు.

"గొంతు వైపు నడవమని ఈ ఆరేళ్లలో ఎంతమందికి చెప్పారు?"

బాల్ట్స్ తల ఎత్తలేదు.

"అందరికీ చెప్పానమ్మా."