వారం రోజుల జాగ్రత్త

రోగి గడ్డాన్ని రెండు వేళ్లతో పైకి పట్టుకొని, రెండో అరచేతిని ఆమె ముక్కు దగ్గర పెట్టి, సిస్టర్ ఊపిరి కోసం చూస్తోంది. వెచ్చగా తగిలింది. పిత్తాశయం తీయించుకున్న అమ్మాయి, ముప్పై లోపే ఉంటుంది.

"కళ్లు తెరువమ్మా. నా చెయ్యి పట్టుకో. గట్టిగా."

పట్టు బాగానే ఉంది. ఆపరేషన్ కోసం కండరాలను పూర్తిగా సడలించిన మందుకు, చివర్లో మత్తు డాక్టరు విరుగుడు ఇచ్చాడు. అది సడలించిన మందును రక్తంలోనే పట్టి కట్టేస్తుంది. కాని గర్భం రాకుండా వేసుకునే మాత్రలోని మందును కూడా కొంత అలాగే పట్టేసుకుంటుంది. సిస్టర్ వంగి అమ్మాయి చెవిలో చెప్పింది.

"రోజూ మాత్ర వేసుకుంటున్నావు కదా. ఈ వారం ఆ ఒక్కదాన్నే నమ్ముకోకు. మాత్ర మానకు, ఇంకో జాగ్రత్త కూడా తీసుకో."

"ఊఁ" అంది అమ్మాయి. మత్తులో ఉన్నవాళ్లు దేనికైనా ఊఁ అంటారు.

అందుకే మధ్యాహ్నం అందరూ భోజనానికి పోతే సిస్టర్ మెట్లెక్కి, చెప్పిందే మళ్లీ చెప్పడానికి వార్డుకు వెళుతుంది. వార్డు నర్సులు ఆమెకు 'మళ్లీసిస్టర్' అని పేరు పెట్టారు. ఆ పేరు చెవిన పడ్డా ఆమె నొచ్చుకోదు. సన్నటి మనిషి. నిలబడి నిలబడి పిక్కల మీద నరాలు తేలాయి. పెళ్లి మాట ఎత్తినవాళ్లంతా ఎత్తి ఎత్తి అలిసిపోయారు.

ఆమె చెల్లెలికి గుండె కవాటం పాడైంది. పిల్లల్ని కంటే ప్రాణం మీదికి వస్తుందని డాక్టర్లు మాత్ర రాసిచ్చారు. పొద్దున్నే పళ్లు తోముకున్నంత క్రమంగా వేసుకునేది. తరవాత ఎక్కడో దూరాన, కడుపునొప్పికి ఆపరేషన్ అయింది. ఈ విరుగుడు సంగతి ఆమెకు చెప్పారో లేదో, చెబితే మత్తులో విన్నదో లేదో, ఎవరికీ తెలియదు. నెల తప్పింది. తీయించుకోమన్నారు. "వచ్చింది కదక్కా, ఉండనీ" అంది చెల్లెలు, ఇంటికొచ్చిన చుట్టాన్ని గురించి చెప్పినట్టు. కాన్పయిన మర్నాడు పోయింది. గుడ్డలో చుట్టిన పిల్లను అక్క ఎత్తుకుంది. ఎత్తుకున్నది దించలేదు.

వార్డులో అమ్మాయి దిండుకు ఆనుకొని కూర్చుంది. సిస్టర్ అంతా మొదటినుంచి చెప్పింది.

"ఇందాక చెప్పారా? నాకు గుర్తే లేదండీ."

"ఉండదమ్మా. అందుకే వచ్చాను."

అమ్మాయి దుప్పటి అంచు మడతపెట్టింది. "ఒకవేళ వస్తే ఏమవుతుంది సిస్టర్? వద్దనుకున్న బిడ్డ కదా అని, వచ్చాక ప్రేమ తక్కువవుతుందా?"

సిస్టర్ మంచం కమ్మీ పట్టుకొని నిలబడింది.

"ప్రేమకేం తక్కువ కాదు. కాని చెప్పడం నా పని. కావాలో వద్దో అనుకోవడం నీ పని."

"మీకు పిల్లలా?"

"ఒక కూతురు" అంది సిస్టర్. ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు ఇన్నేళ్లలో.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మరిది, చెల్లెలి భర్త, పిల్లను తీసుకెళ్లడానికి వచ్చి హాల్లో కుర్చీ అంచున కూర్చొని ఉన్నాడు. నెమ్మదైన మనిషి. ఏడాది కిందట మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. వచ్చినావిడ మంచిది, సెలవులకు వెళ్లిన పిల్లకు జ్వరమొస్తే ఒళ్లో పెట్టుకు కూర్చుందట. పిల్ల తండ్రి దగ్గర పెరగాలని మొదట అన్నది సిస్టరే. అన్న రోజు నుంచి ఆమెకు అన్నం సయించడం లేదు.

పిల్ల ముఖం కడుక్కొని వచ్చి ఆమె ముందు కూర్చుంది. జడ వేస్తుంటే, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"పెద్దమ్మా, నేను పుట్టినందుకే అమ్మ పోయిందా?"

దువ్వెన ఆగింది. మరిది కిటికీ వైపు తిరిగాడు.

"అమ్మ గుండె మొదటినుంచీ బాగాలేదు. నువ్వు వస్తున్నావని తెలిసి, ఉండనీ అంది. నన్నొక్కదాన్నే కూర్చోబెట్టుకుని అంది. అది నువ్వు గుర్తుపెట్టుకో."

"మళ్లీ చెప్పు."

మళ్లీ చెప్పింది.

"వదినా, మీరూ మాతో వచ్చి నాలుగు రోజులు ఉండండి" అన్నాడు మరిది.

"ఇప్పుడే వద్దు. దాన్ని అక్కడ అలవాటు పడనియ్యి."

గుమ్మం దాటి పిల్ల చెయ్యి ఊపింది. మెట్ల మలుపు దగ్గర ఇంకోసారి ఊపింది. బండి చప్పుడు వీధి చివర కలిసిపోయేదాకా సిస్టర్ గుమ్మంలోనే ఉండి, తలుపు వేసి, ముఖం కడుక్కుందామని కుళాయి దగ్గరికి వెళ్లింది.

అద్దం అందదని పిల్ల ఎక్కే చిన్న పీట అక్కడే ఉంది. దాని మీద రెండు తడి పాదాల గుర్తులు, అంచుల నుంచి లోపలికి ఆరుతూ.