వరసలో చివరి ఓడ

సంచిలో అన్నిటికంటే ముందు ఉన్ని మేజోళ్ళు పెట్టాను. మా తమ్ముడు ఓబులేసు వాటిని తీసి మంచం మీద పడేశాడు. నేను మళ్ళీ పెట్టాను.

"జూన్ నెలక్కా ఇది. ఇంజన్ రూమ్‌లో బనీను కూడా ఒంటిమీద నిలవదు. ఎవురికి ఇవి?"

"నీళ్ళల్లో పడితే చలి పెడతాది."

"ఈ సముద్రంలో పడితే ఉడుకుతాం గానీ చలేంటికి పెడతాది? మళ్ళీ ఆ పుస్తకం తీసినావా?"

తీశాను. నేను బడికి పోయినదాన్ని కాదు. నలభై దాటాక మస్కట్‌లో ఒక ఇంట్లో వంటపనికి ఉన్నప్పుడు, అక్కడి డ్రైవరు తెచ్చుకునే తెలుగు వారపత్రికలు ముందేసుకుని అక్షరాలు కూడబలుక్కున్నాను. అప్పటినుంచి దొరికిందల్లా చదువుతాను. ఈమధ్య మస్కట్ పక్క మబేలాలో మనవాళ్ళ రూమ్‌లో అట్ట చిరిగిన పుస్తకం ఒకటి దొరికింది. రెండో ప్రపంచ యుద్ధం గురించి.

అందులో ఉత్తర ధ్రువం పక్క సముద్రంలో పోయిన సరుకు ఓడల కథ ఉంది. రష్యాకు తిండిగింజలు, లారీలు, ట్యాంకులు మోసుకుంటూ ఓడలన్నీ గుంపుగా వరసలు కట్టి పోయేవట. చుట్టూ యుద్ధనౌకల కాపలా. డెక్కు మీద మంచు గడ్డకడితే, ఆ బరువుకు ఓడ ఒరిగిపోకుండా మనుషులు గొడ్డళ్ళతో కొట్టి రాల్చేవారట. వేసవిలో అక్కడ పొద్దు కుంకదు, దాక్కోవడానికి చీకటి కూడా ఉండదు. అదంతా చదివి ఊరుకున్నాను గానీ ఒక్క మాట మాత్రం నన్ను వదల్లేదు. ఒక ఓడ దెబ్బతిన్నా, ఇంజన్ చెడి వెనకబడినా, తక్కిన ఓడలు ఆగవు. ఆగితే దాన్ని కొట్టడం శత్రువుకు సులువు. అందుకని నీళ్ళలో మనుషులు చేతులు ఊపుతున్నా పక్కనుంచే వెళ్ళిపోవాలని ఆజ్ఞ.

ఇప్పుడు ఇక్కడా అదే పద్ధతి. జలసంధి దగ్గర యుద్ధం మొదలయ్యాక నేనుండే సోహార్ రేవు బయట ఓడలు లంగరు వేసుకుని కదలకుండా ఉండిపోయాయి. చివరికి నేవీవాళ్ళు ముందొక యుద్ధనౌక, వెనకొక యుద్ధనౌక పెట్టి, మధ్యలో సరుకు ఓడలను వరసగా దాటిస్తామన్నారు. ఓబులేసు గోధుమపిండి మోసే ఓడలో ఆయిలర్. ఇంజన్‌కు నూనె పెట్టడం, వేడి చూసుకోవడం, వదులైనవి బిగించడం వాడి డ్యూటీ.

"పోవద్దురా," అన్నాను.

"పోకుంటే కంపెనీ వీసా కొట్టేస్తాది. ఒక్క ట్రిప్పే గదా."

"మీ ఓడ నడిమధ్యలో ఆగిపోతే?"

"ఆగకుండా చూసేదానికే గదా నన్ను పెట్టుకున్న్యారు! నువ్వు ఆ మంచు సంగతి పక్కన పెట్టి నాలుగు చపాతీలు కట్టు తల్లీ."

ఎవరినైనా సాగనంపడం నాకు చేతకాదు. మా ఆయన కడప బస్టాండులో చెయ్యి ఊపి కువైట్ వెళ్ళి, పెట్టెలో తిరిగొచ్చాడు. అమ్మ పోయిన రోజు నేను మస్కట్‌లో ఎవరి పిల్లలకో అన్నం తినిపిస్తున్నాను. మిగిలింది వీడు. వాడికి కూడా సంసారం లేదు. నేనే ఇక్కడికి పిలిపించుకున్నాను. సోహార్‌లో పనివాళ్ళ రూములకు క్యారియర్లు కట్టి పంపుతూ నేను, ఓడ రేవులో ఉన్నప్పుడల్లా నా గదికి వచ్చి తినిపోతూ వాడు. అంతే మా ఇల్లు.

సంచి భుజాన వేసుకుని వాడు మెట్లు దిగాక చూశాను. కళ్ళజోడు ఫ్రిజ్ మీదే ఉంది. అది లేకపోతే వాడికి ఇంజన్ మీద వేడి చూపించే ముల్లు కనబడదు. పోయేవాణ్ణి వెనకనుంచి పిలవకూడదు. పిలుపు నోటిదాకా వచ్చింది, మింగేశాను. నిజం చెప్పాలంటే, కళ్ళజోడు లేదని వాళ్ళే ఇంటికి పంపేస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

కాసేపటికి వాడే ఆయాసపడుతూ వెనక్కి వచ్చాడు.

"కూచో," అన్నాను.

దారి మధ్యలో వెనక్కి వచ్చినవాళ్ళు కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయలుదేరాలి. మా ఇళ్ళలో చిన్నప్పటినుంచీ అంతే. వాడు సంచి దించి కూర్చున్నాడు. నీళ్ళు ఇచ్చాను. తాగాడు. లబన్ మజ్జిగ సీసా తెచ్చాను. అదీ తాగాడు. పొద్దున వండిన సంగటి ఉంటే ఒక ముద్ద పెట్టాను.

"అక్కా, టాక్సీవాడు హారన్ కొడతాండాడు. అవతల ఓడకాడికి పోయే లాంచీ ఎల్లిపోతాది!"

"పోనీ. ఇంకొక ముద్ద తిను."

"నువ్వు నన్ను ఓడ ఎక్కనిచ్చేట్టు లేవే," అని నవ్వి, తిని, చెయ్యి కడుక్కుని, కళ్ళజోడు పెట్టుకుని వెళ్ళాడు. టాక్సీ మలుపు తిరిగేదాకా ఇనుప కటకటాలు పట్టుకుని నిలబడ్డాను.

మర్నాడు సాయంత్రం సముద్రం ఒడ్డుకు నడిచి వెళ్ళాను. అన్నాళ్ళూ దూరాన వెలిగిన ఓడల దీపాల్లో చాలా లేవు. ఒడ్డున పిల్లలు బంతి ఆడుతున్నారు. ఎవరో కుటుంబం చాప పరుచుకుని టీ తాగుతోంది. ఎవరితోనైనా ఒక మాట అనాలనిపించింది, ఏమనాలో తెలియలేదు. గదికి వచ్చి మర్నాటి కూరలు తరుక్కున్నాను.

వాడి ఫోన్ మోగేది కాదు. ఎన్నిసార్లు చేసినా కలిసేది కాదు.

ఒక మధ్యాహ్నం క్యారియర్లు సర్దుతుంటే ఖాదర్‌వలి వచ్చాడు. వాడిదీ కడపే. ఓబులేసు పనిచేసే పిండి ఓడలోనే డెక్కు మీద పని. బూట్లు విప్పి చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

"పెంచలక్కా, ఓబులేసు మా ఓడలో రాలేదు."

నా ప్రాణం లేచి వచ్చింది. "ఎక్కలేదా? అయితే యాడుండాడు?"

"రేవుకు వచ్చేసరికి మా లాంచీ ఎళ్ళిపోయిందంట. సిమెంటు ఓడలో ఆయిలర్ భయపడి బురైమి ఊరి పక్కకు పారిపోయినాడు. వాని బదులు ఓబులేసును ఎక్కిచ్చినారు."

సిమెంటు ఓడ వరసలో చివరిది. పాత ఇంజన్. రెండో రోజు పొద్దున జలసంధి దగ్గరి ముసందం కొండలు కనబడుతుండగా నల్లగా పొగ వదిలి వెనకబడిందట. వెనక కాపలా ఉన్న యుద్ధనౌక దాని చుట్టూ ఒకసారి తిరిగి, మళ్ళీ వరసను అందుకుందట. ఖాదర్‌వలి తమ ఓడ వెనక భాగంలో నిలబడి చూస్తూనే ఉన్నాడు.

"మీ కెప్టెన్ ఆపలేదా?"

ఆపడని నాకు తెలుసు. ఆ మాటలు వేలు పెట్టి చదివినదాన్ని. అయినా అడిగాను.

"ఆపరక్కా. ఎవురి కోసమూ ఆపకూడదని ముందే చెప్పినారు."

వాడు ఫోన్ తీసి, కొండల దగ్గర సిగ్నల్ దొరికినప్పుడు వచ్చిన ఓబులేసు వాయిస్ మెసేజీ వినిపించాడు. వెనకాల సుత్తి దెబ్బలు.

"వలీ, నాలుగు బోల్టులు సతాయిస్తాండాయిరా. బిగిచ్చుకోని మీ ఎనకమాలే వస్తాం. మా అక్కకు చెప్పబాకు, మళ్ళీ ఆ మంచు పుస్తకం తీసి కూచుంటాది."

తర్వాత దుమ్ము పొగమంచులా కమ్మి ఆ ఓడ కనబడలేదట. మధ్యాహ్నం వెనకనుంచి పెద్ద శబ్దం వచ్చిందట. వరస క్షేమంగా దాటాక నేవీవాళ్ళు తిరిగి వెళ్ళి వెతికితే, ఓడ మునిగిపోయి ఉంది, డెక్కు మీద పనిచేసేవాళ్ళు నలుగురు చిన్న పడవలో దొరికారు.

"ఇంజన్ రూమ్‌లో వాళ్ళు?"

ఖాదర్‌వలి చేతిలోని బూట్లవైపు చూసుకున్నాడు.

"ఆ పొద్దు నేనే వాన్ని కూచోబెట్టినా వలీ," అన్నాను.

"యాడక్కా?" అన్నాడు వాడు, అర్థంకాక.

 పొయ్యి ఆర్పి, "అన్నం తిన్యావా?" అని అడిగాను. తినలేదన్నాడు. వడ్డించాను. తలెత్తకుండా తిన్నాడు.

ఆ వరసలో వెళ్ళిన తక్కిన ఓడలన్నీ సోహార్ తిరిగొచ్చాయి. సిమెంటు ఓడలో వెళ్ళిన నా తమ్ముడు ఓబులేసు తిరిగి రాలేదు. ఆ ఓడ మునిగింది జూన్ పన్నెండో తేదీన.