గురువారం నాటి ఎర్రగింజలు

మా న్యూ ఆర్లీన్స్‌లో సోమవారం వచ్చిందని కేలండర్ చూసి తెలుసుకునేవాళ్ళు తక్కువ. ముక్కే చెబుతుంది. పొద్దెక్కేసరికి ఇంటింటా ఎర్రగింజలు, అదే రాజ్మా, ఉడుకుతుంటాయి. ఒకప్పుడు అది బట్టలుతికే రోజు. ముందురోజు నానేసిన గింజల్ని, ఆదివారం తినగా మిగిలిన పంది ఎముకతో సహా కుండలో పడేసి, సన్నసెగ మీద వదిలేసి ఆడవాళ్ళు ఉతుకుడు పనిలో పడేవారు. ఇప్పుడు బట్టలు యంత్రం ఉతుకుతోంది. గింజలు మాత్రం సోమవారాన్ని వదిలిపెట్టలేదు. శుక్రవారం చేప, సోమవారం ఎర్రగింజలు, ఇంతే లెక్క.

ఆ లెక్క యోలాండ్ గ్లాపియన్ ఒక గురువారం నాడు తప్పింది. సరదాకి తప్పలేదు, పాపం. ఆమె తల్లి లియోంటీన్ రెండు రోజులుగా అన్నం ముట్టలేదు. ఎనభై దాటిన మనిషి. మతిమరుపు ముదిరి, ఒక పూట కూతురిని గుర్తుపడితే రెండు పూటలు "ఎవరమ్మా నువ్వు" అనేది. ఏం పెట్టినా పళ్ళు బిగించేసే ఆ మనిషి, ఆ పొద్దున తనంతట తనే ఎర్రగింజలు తింటానంది. కూతురికి ఏనుగెక్కినంత సంబరమైంది. మందుల షాపులో పనికి వెళ్ళిందే గానీ మనసంతా ఇంటి మీదే ఉంది. మధ్యాహ్నానికి ఆకాశం నల్లబడడంతో షాపు త్వరగా కట్టేశారు. తల్లిని కనిపెట్టుకుని ఉండే ఆయాని పంపేసి, యోలాండ్ చెంగున వంటింట్లోకి దూరింది.

నానబెట్టేంత వ్యవధి ఎక్కడిది? డబ్బా గింజలే దిక్కు. పొగబెట్టిన పంది సాసేజ్‌ని చక్రాల్లా తరిగి ఎర్రగా వేయించింది. అది వదిలిన కొవ్వులోనే ఉల్లిపాయ, సెలరీ కాడలు, క్యాప్సికం మగ్గబెట్టింది. ఆ మూడూ లేకపోతే ఈ ఊళ్ళో దాన్ని వంట అనరు. వెల్లుల్లి, కారం, బిర్యానీ ఆకు వేసి, డబ్బాలు కుమ్మరించి, కాసిని నీళ్ళు పోసింది. అసలు కిటుకు ఆ తరవాతే ఉంది. ఉడుకుతున్న గింజల్లో కొన్నిటిని గరిటె వీపుతో కుండ అంచుకి ఒత్తి మెదిపేస్తే చాలు, పూట పూటంతా ఉడికినట్టు పులుసు చిక్కబడుతుంది. ఆమె పెద్దమ్మ గనక బతికుంటే ఆ డబ్బాలు చూసి శాపనార్థాలు పెట్టేది. అందుకేనేమో యోలాండ్ వాటిని చెత్తబుట్టలో అడుగుకి తోసి, పైన ఉల్లిపొట్టు కప్పింది.

వాసన ఇల్లంతా కమ్ముకుంది. లియోంటీన్ గోడ పట్టుకుని నడుచుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. ముఖంలో ఎన్నాళ్ళుగానో లేని తేట కనిపించింది.

"సోమవారమా ఇవాళ?" అంది.

ఆమె ఏమన్నా కాదనొద్దని, వాదిస్తే బెదిరిపోతుందని డాక్టరు చెప్పి ఉన్నాడు. యోలాండ్ గరిటె తిప్పుతూనే, వెనక్కైనా తిరక్కుండా, "అవునమ్మా, సోమవారమే" అంది.

అప్పుడే వాన విరుచుకు పడింది. మామూలు వాన కాదు, కుండపోత. వెనక గదుల కిటికీలు తెరిచి ఉన్నాయని గుర్తొచ్చి, పొయ్యి తగ్గించి పరిగెత్తింది. తలుపులు వేసి, తడిసిన దుప్పటి తీసి, నేల తుడిచి వచ్చేసరికి వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. వాన జల్లు హాల్లోకి కొడుతోంది. తల్లి వంటింటి గుమ్మంలో లేదు, హాల్లో తన కుర్చీలోనూ లేదు. కొక్కానికి ఉండే ఆమె చేతిసంచీ కూడా లేదు.

యోలాండ్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. మంచాల కింద చూసింది, స్నానాలగది చూసింది, పిచ్చిదానిలా బట్టల బీరువా కూడా తెరిచి చూసింది. పొయ్యి కట్టేసి, చెప్పులు సరిగ్గా తొడుక్కున్నదో లేదో చూసుకోకుండా వీధిలో పడింది. వీధి అప్పటికే వీధిలా లేదు. వాన నీళ్ళని ఊరి బయటికి పంపులు తోడేదానికంటే ఆకాశం పోసేది ఎక్కువైతే మా ఊరు పళ్ళెంలా నిండుతుంది. జనం కార్లన్నీ తెచ్చి రోడ్డు మధ్య ఎత్తుగా ఉండే గడ్డి దిబ్బ మీద పెట్టేస్తున్నారు. నీళ్ళు చీలమండలు దాటాయి.

నీళ్ళంటే యోలాండ్‌కి చచ్చేంత భయం. పెద్ద వరదప్పుడు ఇంటి కప్పు మీద కూర్చుని, కింద నల్లటి నీళ్ళు మెట్టు మెట్టూ ఎక్కి రావడం చూసింది. అమ్మ బెంబేలు పడుతుందని అప్పుడు నవ్వుతూ కూర్చుంది. ఆ తరవాత కూడా ఆ భయాన్ని ఎవరితోనూ అనలేదు. ఇంటికి పెద్దదిక్కు తనే అయినప్పుడు భయపడుతూ కూర్చుంటే ఎలా కుదురుతుంది?

ముందు చర్చికి పరిగెత్తింది. లియోంటీన్‌కి కాళ్ళు వాటంతటవే తీసుకెళ్ళే చోటు అదే. తలుపులు వేసున్నాయి. మూల మీది కొట్టువాడు చూడలేదన్నాడు. బస్సు ఆగేచోట ఎవరూ లేరు. రోడ్డు పక్కన ఒకచోట మురుగు గుంత మూత పైకి లేచి, నీళ్ళు సుడి తిరుగుతూ లోపలికి పోతున్నాయి. అక్కడ ఒక నల్లటి గుడ్డ తేలుతుంటే చూసి ఆమె అటే ఉరికింది. దగ్గరకెళ్తే అది ఎవరిదో గొడుగు గుడ్డ. పోలీసులకి ఫోన్ చేస్తే, వానలో బళ్ళు ఆలస్యమవుతాయి, ఈలోగా వెతుకుతూ ఉండమన్నారు.

ఇంటి ముందుకి తిరిగొచ్చేసరికి పక్కింటి అల్సీడ్ వరండాలో నిలబడి ఉన్నాడు. యోలాండ్‌కి జ్ఞానస్నానం చేయించినప్పుడు ఎత్తుకున్న పెద్దమనిషి ఆయనే. అందుకని ఆమె ఆయన్ని ఇప్పటికీ జ్ఞానతండ్రి అని అర్థం వచ్చే 'పరాన్' అనే పిలుస్తుంది. సంగతి విని ఆయన ముఖం వాడిపోయింది. అమ్మ తిరిగొస్తే పట్టుకుని ఉండడానికి తను వాళ్ళింట్లో కూర్చుంటానన్నాడు. కంగారులో కూడా నోరు ఊరుకోని మనిషి కాబట్టి ఒక మాట అనేశాడు.

"అయినా గురువారం పూట ఎర్రగింజలేమిటే, తల్లీ? ఆ వాసనకి నేనే సోమవారం అనుకుని చెత్తడబ్బా బయట పెట్టబోయాను."

యోలాండ్ అక్కడే కొయ్యబారిపోయింది. సోమవారం! అమ్మ తప్పిపోలేదు, సోమవారం పని మీద వెళ్ళింది. పంపించింది తనే. అవునని నోటితో చెప్పి మరీ పంపింది.

చిన్నప్పుడు మిగతా రోజుల్లో నాన్న ఆమెని బడినుంచి తీసుకొచ్చేవాడు. సోమవారం మాత్రం అమ్మే వచ్చేది. ఇంట్లో అప్పటికే ఉతుకుడు యంత్రం ఉంది, కుండ సన్నసెగ మీద పెట్టేస్తే దాన్ని చూసే పని లేదు కనక, వారంలో ఆ ఒక్క రోజే ఆమెకి కాలు బయట పెట్టే తీరిక దొరికేది. చర్చి సిస్టర్లు నడిపిన ఆ బడి కాలవ పక్క వీధిలో, పల్లంలో ఉంది. మూతపడి ఏళ్ళయింది. చిన్న చినుకు పడినా ముందు మునిగేది ఆ వీధే.

"పరాన్, బడికి" అని మాత్రం అని, ఆమె మళ్ళీ నీళ్ళలో పడింది.

పల్లానికి దిగేకొద్దీ నీళ్ళు పిక్కల మీదికి, అక్కణ్ణుంచి మోకాళ్ళకి వచ్చాయి. కింద ఏముందో కనపడదు. ఒక్కో అడుగూ కాలితో తడుముకుంటూ, గోడలు పట్టుకుంటూ నడిచింది. ఏ గుంతలో పడిందో, ఏ గోడవార కూలబడిందో, కాలవ దాకా కొట్టుకుపోయిందేమో అని మనసు పోకూడని చోట్లకల్లా పోతోంది. వీధి మలుపు తిరిగాక చూడటానికి కూడా భయమేసి ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది.

తల్లి ఉంది. తుప్పుపట్టిన గేటు ఊచలు రెండు చేతులతో పట్టుకుని, సంచీ మెడలో వేసుకుని, నీళ్ళలో నిలబడి ఖాళీ బడి వైపు చూస్తోంది. ఒళ్ళంతా వణుకుతోంది.

"అమ్మా!" అంటూ యోలాండ్ పట్టుకోబోతే చెయ్యి విదిలించి కొట్టింది.

"ముట్టుకోకు. ఎవరు నువ్వు? పిల్లలంతా వెళ్ళిపోయారు. మా పిల్ల ఇంకా రాలేదు."

"నేనేనమ్మా, యోలాండ్‌ని."

లియోంటీన్ ఆమెని ఎగాదిగా చూసింది. "సిగ్గులేదూ? తల సగం నెరిసింది, నా కూతురివా నువ్వు? నా కూతురు ఇంతుంటుంది" అని నీళ్ళకి పైన గాల్లో చెయ్యి పెట్టి ఎత్తు చూపించింది. ఆ ఎత్తున్న పిల్లయితే ఆ నీళ్ళలో నడుం దాకా మునిగి ఉండేది. ఆ సంగతి ఆ క్షణంలోనే తట్టిందేమో, ముసలావిడ ముఖం పాలిపోయి గేటు ఊచల్ని గుంజడం మొదలుపెట్టింది.

యోలాండ్ అబద్ధాలన్నీ ఆడి చూసింది. పిల్ల ఇంటికి చేరిపోయిందంది. పక్కింటాయన తీసుకెళ్ళాడంది. సిస్టర్ పంపితే వచ్చానంది. ఎంత చెప్పినా అక్కడ గోడకి చెప్పుకున్నట్టే అయింది. పిల్ల లేకుండా ఇక్కణ్ణుంచి కదిలేది లేదు, నీ దారిన నువ్వు పో అంది లియోంటీన్. బలవంతాన లాగితే ఇద్దరూ పడతారు. వీధి చివర కాలవ గట్టుకీ రోడ్డుకీ తేడా తెలియడం లేదు. నీళ్ళు తొడల మీదికి వస్తున్నాయి. సాయానికి పిలుద్దామంటే కనుచూపు మేరలో మనిషి లేడు.

అప్పుడు యోలాండ్‌లో ఇన్నేళ్ళూ బిగబట్టుకున్నదేదో తెగింది. ఎత్తు వేసిందనుకుంటారేమో, ఎత్తు కాదు. నిజంగానే ఏడుపు తన్నుకొచ్చింది. తల్లి ముందు నీళ్ళలోకి వంగిపోయి, గేటు ఊచ పట్టుకుని వెక్కిళ్ళు పెట్టింది.

"అమ్మా, నాకు భయమేస్తోంది. నీళ్ళొచ్చేస్తున్నాయి. నన్ను ఇంటికి తీసుకెళ్ళవా?"

ఊచలు గుంజుతున్న చేతులు ఆగాయి. లియోంటీన్ ఆమె ముఖం చూడలేదు, చెవి ఒగ్గి వింది. తరవాత ఆమె మణికట్టు అందుకుంది.

"ఇంతసేపూ ఎక్కడ చచ్చావే? గుండె ఆగిపోయింది నాకు" అని చీవాట్లేసింది. "సరే, ఏడవకు. వచ్చేశాగా. గోడ పక్కనే నడు, రోడ్డు మధ్యకి రాకు."

అరకిలో బరువు ఎత్తలేని ఆ చెయ్యి, ఎముక నొప్పెట్టేంత గట్టిగా పట్టుకుంది. ఆమె ముందు, యోలాండ్ వెనక నడిచారు. ఏ మలుపు తిరగాలో, ఎక్కడ అరుగు ఎత్తుగా ఉంటుందో లియోంటీన్‌కి తడుముకోకుండా తెలిసింది. మెరక దగ్గరపడే కొద్దీ నీళ్ళు తగ్గుతూ వచ్చాయి గానీ యోలాండ్ మాత్రం నడుం ఎత్తలేదు. మోకాళ్ళు వంచి, తల దించుకుని, అమ్మ భుజానికంటే పొట్టిగా ఉండేలా నడిచింది. వీపు నొప్పితో విరిగిపోతున్నా అలాగే నడిచింది. వానా వరదా ఇప్పుడామెకి లెక్కలోకి రావడం లేదు. అమ్మ వెనక్కి తిరిగి చూస్తుందేమో, చూసి చెయ్యి వదిలేస్తుందేమో అని, ఇల్లు చేరేదాకా ఆ ఒక్క భయంతోనే వణికింది.