ఎర్రబారిన పసుపు చేతులు

గిరిజకి తోడికోడలు మంగళ అంటే కడుపుమంట. దాచుకునే రకం కూడా కాదు. మామగారు పోయాక ఇళ్లు పంచినప్పుడు, అత్తగారు ఉప్పళంలోని పాత ఇంటిని, ఆ టేకు స్తంభాలతో, చల్లటి తిన్నెలతో సహా పెద్దకోడలి చేతిలో పెట్టి, తనూ అక్కడే ఉండిపోయింది. చిన్నకోడలికి సారం పేటలో కొత్తగా లేపిన నాలుగు గోడలు. అప్పుడు గిరిజకి నెలలు నిండుతున్నాయి. కడుపుతో ఉన్నదాన్ని సాగనంపింది, ఈ అత్తకి కళ్లు లేవా అని రగిలిపోయింది. కొడుక్కి నడకొచ్చినా ఆ మంట చల్లారలేదు. పోనీ మంగళకి పిల్లలా, పాపలా? అంత ఇల్లు దేనికి, దాగుడుమూతలు ఆడుకోవడానికా?

ఊళ్లో ఫ్రెంచివాళ్ల జులై పండగ వస్తోందని వీధిలో సున్నాలు కొట్టించుకుంటుంటే మంగళా మొదలుపెట్టింది. గిరిజ కొడుకుని చంకనేసుకుని చూడబోయింది. చూడకుండా ఉండలేదు, చూసి ఓర్చుకోలేదు, అదీ ఆవిడ వరస.

అత్త ఏళ్లుగా తాళం వేసి ఉంచిన వెనక గదిలో పాత సున్నం గీకేసరికి, గోడ మీద వరసగా అరచేతి గుర్తులు బయటపడ్డాయి. పసుపు చేతులే, సున్నం తగిలి ఎర్రబారాయి. ఇంత శుభం తన ఇంట్లో దాగుందని మంగళ మురిసిపోతోంది.

గిరిజకి ఒళ్లు మండింది. తన గృహప్రవేశానికి అత్త గడపకైనా ఇంత పసుపు రాయలేదు మరి! తిన్నె మీద కూర్చున్న ముసలావిడని చెయ్యి పట్టి గదిలోకి తీసుకొచ్చింది.

"మా ఇంట్లో గూడా ఇట్లనే పెట్టత్తా," అంది. "నేను మాత్రం నీ కోడల్ని కానా?"

అత్త గోడని చూసింది. బిడ్డని గిరిజ చంకలోంచి లాక్కుని గడప దాటేసింది.

"ఉయ్యాల్లో ఏసిన దినాన పెట్టిన చేతులే అవి," అంది బయటినుంచి. "బిడ్డకొక చెయ్యి. ఒక్క బిడ్డా నిలవలా. మీ మొగుళ్లని ముదలియార్‌పేటలో మా అమ్మింట్లో కన్నా, అందుకే దక్కినారు. ఇగ ఆ చేతులు యాడా పెట్టలా. అప్పుడు నువ్వు కడుపుతో ఉన్నదానివి, నిన్ను ఈడెట్ల ఉంచేది?"

గిరిజ బయటికొచ్చి అత్త చేతిని కళ్లకద్దుకుంది. ఇన్నాళ్లూ తిట్టుకున్నదంతా తలుచుకుంటే సిగ్గేసింది. అయినా మనసు హాయిగా ఉంది, అబద్ధమెందుకు. అత్తకి తనంటేనే ప్రాణం.

"మరి నన్నెందుకు ఉంచినావత్తా?" అని అడిగింది మంగళ, గదిలోంచే.

అత్త బిడ్డని భుజానికెత్తుకుంది. ఇళ్లు పంచేనాటికి మంగళ కాపురానికొచ్చి చాలా ఏళ్లయింది. ఆ కడుపు పండదని అత్త ఏనాడో తేల్చేసుకుంది.

మంగళ గడప దాకా వచ్చింది. అత్త భుజాన ఉన్న పిల్లాడిని చూస్తూ నిలబడింది. ఆ చూపు ఏమిటో గిరిజకి ఎవరూ చెప్పక్కర్లేదు. గబగబా కొడుకుని అందుకుని, కొంగు కప్పేసింది.