రెండు వందల పదకొండో పేజీ

రాసేదానికి ఆధారాలు ఎలా చూపించాలో విద్యార్థులకు నేర్పే పని ఆ యూనివర్సిటీ లైబ్రేరియన్ నెత్తిన పడి పద్నాలుగేళ్ళయింది. ఇన్నేళ్ళూ ఆమె చెప్పింది ఒకటే మాట: "చదవనిదాన్ని చదివినట్టు రాయకండి." గోడకు చెప్పినా ఈపాటికి నేర్చుకునేదని ఆమె బాధ.

ఆ శుక్రవారమూ అదే తంతు. రెండో అంతస్తు గదిలో ఇరవై నాలుగు కంప్యూటర్లు, వాటిలో మూడు పనిచెయ్యవు. పిల్లలు ఏరికోరి ముందుగా కూర్చునేది ఆ మూడింటి ముందే.

"మేడం, కింద 'ఇంటర్నెట్' అని రాస్తే సరిపోదా?" అన్నాడు మొదటి వరుసలో ఒకతను.

"నీ ఇల్లెక్కడ బాబూ అంటే 'భూమ్మీద' అని చెబుతావా?"

గదంతా నవ్వింది. ఆమెకు మాత్రం నవ్వు రాలేదు. ఈ జవాబు ఆమె ఇప్పటికి యాభై సార్లు చెప్పి ఉంటుంది.

"సరే, అందరూ మీ థీసిస్‌లోంచి ఒక్క రిఫరెన్స్ తీసుకోండి. అసలు వ్యాసం తెరిచి, మీరు రాసిన మాట అందులో ఎక్కడుందో నాకు చూపించండి. చూపించినవాళ్ళు వెళ్ళిపోవచ్చు."

గంటన్నర గడిచేసరికి గదిలో ఒక్కతే మిగిలింది. బావుల నీటి మీద పరిశోధన చేస్తోంది కాబట్టి తోటివాళ్ళు ఆమెను బావులమ్మాయి అనేవారు. ఆమె తీసుకున్న వాక్యం: వేసవిలో బావినీళ్ళలో ఉప్పు రెట్టింపవుతుంది. ఆధారం ఒక పాత జర్నల్, పన్నెండో సంపుటం, రెండు వందల పదకొండో పేజీ.

"నెట్‌లో దొరకట్లేదు మేడం. అయినా అందరూ దీన్నే రాశారు. నలభై పేపర్లలో ఉంది."

"నలభై మందీ చూశారా?"

"చూసే ఉంటారు."

"నువ్వు చూశావా?"

బావులమ్మాయి మళ్ళీ నెట్‌లో వెతకబోయింది.

ఒళ్ళు మండిపోయింది లైబ్రేరియన్‌కి. అమ్మాయిని వెంటబెట్టుకుని నేలమాళిగలోకి దిగింది. పాత జర్నళ్ళ బీరువా తెరిచి, రెండు సార్లు తుమ్మి, పన్నెండో సంపుటం బయటికి లాగింది. చివరి పేజీ తిప్పి చూస్తే, దాని నంబరు నూట ఎనభై ఎనిమిది.

"లేని పేజీని నలభై మంది చదివారన్నమాట!"

పైకొచ్చి ఆ నలభై పేపర్లనూ సంవత్సరాల వారీగా పేర్చింది. ఒకరిది చూసి ఒకరు ఎక్కించుకుంటూ వచ్చారు. అన్నిటికన్నా పాతది ఇరవై ఆరేళ్ళ కిందటి థీసిస్. అట్ట మీద పేరు ఆమె సొంత అన్నయ్యది. ఎదుటి భవనంలో భూగర్భ శాస్త్ర విభాగానికి ఇప్పుడు ఆయనే పెద్ద. బావులమ్మాయికి గైడూ ఆయనే.

సంపుటం చంకన పెట్టుకుని ఆమె నేరుగా ఆయన గదికి వెళ్ళింది. బావులమ్మాయి భయపడుతూ వెనకే నడిచింది.

"అన్నయ్యా, ఈ రెండు వందల పదకొండో పేజీ ఎక్కడుందో కాస్త చూపిస్తావా?"

ఆయన సంగతంతా విని విసుక్కున్నాడు. "ఎప్పుడో ఇరవై ఆరేళ్ళ నాటిది ఇప్పుడెందుకు తవ్వుతావమ్మా?"

"తవ్వడం నీ సబ్జెక్టే కదా. అసలు నువ్వు ఈ వ్యాసం చదివావా?"

"మా గైడ్ నోట్సులో ఉంది. ఆయన చదివే ఉంటారు."

చెల్లెలి చూపు భరించలేక ఆయన లేచి, బీరువా అడుగునుంచి తన పాత చేతిరాత ప్రతిని తీశాడు. పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగాడు. ఆయన మొహం వెలిగిపోయింది.

"ఇదిగో, కళ్ళు తెరిచి చూడు! నా చేత్తో నూట పన్నెండు అని శుభ్రంగా రాశాను. దీన్ని టైపు చేసిందెవరు తల్లీ?"

లైబ్రేరియన్ నాలుక కరుచుకుంది. చేసింది తనే. పెళ్ళికి ముందు, టైపు నేర్చుకున్న కొత్తలో, మూడు వందల పేజీలూ సరదాపడి కొట్టింది. నూట పన్నెండు తన వేళ్ళ కిందే తిరగబడి రెండు వందల పదకొండయింది.

"పద్నాలుగేళ్ళుగా లోకానికంతా పాఠాలు చెబుతున్నావు," అన్నాడు అన్నయ్య కుర్చీలో వెనక్కి వాలుతూ.

"నేను కొట్టినదాన్ని నువ్వు సరిచూసుకోవా?"

"నువ్వు కొట్టావు కదా అని నమ్మాను!"

వాళ్ళిద్దరూ అలా తగువులాడుకుంటుంటే బావులమ్మాయి నెమ్మదిగా అంది, "పోనీ, నూట పన్నెండో పేజీ చూద్దామా సార్?"

ఆమే తెరిచింది. వ్యాసం ఉంది. మూడంటే మూడే పేజీలు. ఆ రచయిత తొమ్మిది బావుల్లో నీళ్ళు పరీక్షించాడు. రెండింట్లో ఉప్పు రెట్టింపయింది, ఏడింట్లో పెద్దగా మార్పు లేదు. దీన్నిబట్టి ఏమీ తేల్చలేమని చివర తనే రాసుకున్నాడు.

అన్నయ్య కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ మొదటినుంచి చదివాడు.

"టైపు తప్పు నాది, ఒప్పుకుంటాను," అంది లైబ్రేరియన్. "చదవకపోవడం మాత్రం నా వేళ్ళు చేసిన పని కాదు."

ఆయన మాట్లాడేలోపే బావులమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "సార్, నేను కొలిచిన బావుల్లో కూడా సగానికి పైగా ఉప్పు పెరగలేదు. మీకు చూపిస్తే, ఎక్కడో పొరపాటు చేశావు, మళ్ళీ కొలువు అన్నారు. ఎండలో మూడు సార్లు తిరిగి కొలిచాను. అప్పుడూ అంతే వచ్చింది. నాకే చేతకావడం లేదనుకుని ఆ బావులు తీసేశాను. వాటికోసం ఏడ్చాను కూడా."

అన్నయ్య గొంతు తగ్గించి అడిగాడు, "ఆ అంకెలు ఉన్నాయా అమ్మా?"

"ఉన్నాయి సార్. పారెయ్యబుద్ధి కాలేదు."

"తీసుకురా. తప్పు నీది కాదు."

ఆ మాట మెచ్చుకోదగ్గదే గానీ, మూడో అధ్యాయం మొత్తం మళ్ళీ రాయాల్సిందే. వచ్చే నెల ఇవ్వాల్సిన థీసిస్ నాలుగు నెలలు వెనక్కి పోయింది. "మీ వర్క్‌షాప్‌కి రాకుండా ఉండాల్సింది మేడం," అని బావులమ్మాయి మొహమ్మీదే అనేసింది. ఆ రోజు నుంచి లైబ్రేరియన్ నేలమాళిగలో అమ్మాయికి కావలసిన పాత సంపుటాలన్నీ తనే వెతికి, దుమ్ము దులిపి, బల్ల మీద పెట్టేది.

పాత థీసిస్‌లో తప్పుందని యూనివర్సిటీకి రాయాల్సిన సవరణ ఉత్తరం విషయంలో అన్నాచెల్లెళ్ళు మూడు రోజులు కొట్టుకున్నారు. 'టైపు పొరపాటు వల్ల' అని మొదలుపెడతానంటాడు ఆయన. 'మూలం చదవకపోవడం వల్ల' అని ముందు రాయమంటుంది ఈమె. చివరికి రెండూ రాశారు, ఎవరి తప్పు ముందుండాలనేది వదిన తేల్చింది. చదవకపోవడమే ముందుంది.

తరవాతి ఆదివారం ఆయన పాత థీసిస్ పట్టుకుని చెల్లెలింటికి వచ్చాడు. నూట నలభై మూడు రిఫరెన్సులు. ఆయన ఒక్కొక్కటీ చదువుతుంటే ఆమె అసలు వ్యాసం తెరిచి చూస్తోంది. పదహారు దాకా సవ్యంగా నడిచింది. పదిహేడో దగ్గర ఆమె ఆగింది.

"ఈ రచయిత పేరు తప్పు."

"నీ టైపే అయుంటుంది."

ఆమె చేతిరాత ప్రతిని లాక్కుని చూసి, ఆయన ముందుకు తోసింది. ఆయన చూశాడు.

"సరేలే, రాసుకో," అన్నాడు చిరాగ్గా. "పద్దెనిమిది."