వాలు మీద మొహమాటం

తెల్లవారకముందే కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో బయలుదేరి, ఇంత దూరం డ్రైవ్ చేసుకుని కొండల్లోకి వచ్చాక వెనక్కి పోదామని ఎవరంటారు? అందులోనూ దివాకర్‌తో. ఫణిని ఇప్పటి ఉద్యోగానికి రిఫర్ చేసింది ఆయన. స్నోషూలూ, మంచులో కూరుకుపోతే జాడ చెప్పే బీకన్లూ అద్దెకు తెచ్చింది ఆయన. పులిహోర డబ్బా మోస్తున్నదీ ఆయనే. అలాంటి మనిషికి అడ్డు చెప్పడం ఫణి వంశంలోనే లేదు. అతని భార్య త్రివేణికి ఆ మొహమాటం కాస్త తక్కువ. అసలు లేదని మాత్రం అనలేం.

చెట్లు దాటగానే తెల్లటి నిటారు వాలు ఎదురైంది. అవతలి గట్టుకు దారి దానికి అడ్డంగానే పోవాలి. పొద్దున త్రివేణి కార్లో మంచు చరియల హెచ్చరిక చదివి వినిపించింది. అడుగున పాత మంచు పంచదారలా పొడిపొడిగా ఉందట, దాని మీద గాలి కొత్త మంచును పేర్చిందట, ఇలాంటి వాలుల జోలికి పోవద్దట. మగవాళ్ళిద్దరూ బుద్ధిగా విని, ఆఫీసు కబుర్లలో పడ్డారు.

వాలు అంచున కాలు పెట్టగానే లోపలెక్కడో ధబ్‌మంది. కాళ్ళ కింద మంచు కొద్దిగా కుంగింది.

"లోపలి పొర కూలింది. ఆ సౌండ్ వింటే వెనక్కి తిరగమని నేను వెళ్ళిన మంచు చరియల క్లాస్‌లో చెప్పారు," అంది త్రివేణి.

దివాకర్ ఫణి వైపు చూశాడు. "ఇంత దూరం వచ్చినం గదా. నీ ఇష్టం ఫణీ."

"మీరెట్లంటే అట్లనే అన్నా."

"నేను రాను. నువ్వూ వెళ్ళకు ఫణీ!"

త్రివేణి అతని చెయ్యి పట్టుకుని ఆపింది. ఫణి ఇబ్బందిగా నవ్వి, "ఇప్పుడే వచ్చేస్తం," అన్నాడు. ముందు దివాకర్ కదిలాడు, ఆయన సగం దాటగానే వెనకే ఫణి కదిలాడు. త్రివేణి సంచిలోంచి మడత పార తీసి పట్టుకుని, భర్త వీపు మీంచి చూపు తిప్పకుండా నిలబడింది. ఆమెకు భయంకన్నా కోపమే ఎక్కువగా ఉంది.

ఏమీ కాలేదు. ఇద్దరూ చెట్ల వైపు నుంచి చుట్టూ తిరిగి క్షేమంగా వచ్చారు.

కారు దగ్గర ఫ్లాస్క్‌లో టీ పోస్తూ దివాకర్ అన్నాడు: "నిజం చెప్పాల్నంటే నాకు పోబుద్ధి కాలే త్రివేణీ. ఫణి ఆశపడి వచ్చిండు, వద్దంటే బాగుండదని పోయిన."

ఫణి నోరు తెరిచాడు. "నేనా? మీరు ఇంత ప్లాన్ చేస్తిరి, కాదంటే ఏమనుకుంటరో అని నేను పోయిన అన్నా!"

ఇద్దరూ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. త్రివేణి నవ్వలేదు.

"మీరు దాటుతున్నప్పుడు, ఇద్దరూ కూరుకుపోతే ముందు ఎవర్ని తవ్వాలో డిసైడ్ చేసుకున్నాను," అంది.

నవ్వు ఆగిపోయింది. ఎవర్నని అడగడానికి ఇద్దరికీ మొహమాటం అడ్డొచ్చింది.